ట్రావెల్ క్రెడిట్ కార్డు వెల్‌కమ్ బోనస్: ఎవరికి వస్తుంది, ఎవరికి రాదు, ముందే ఏం చూసుకోవాలి

మహానంది: "ఈ కార్డు తీసుకోండి సార్, విమానం టికెట్ ఫ్రీ." నంద్యాల బ్యాంకుల్లో, మాల్స్ ముందు, ఫోన్ కాల్స్‌లో ఈ మాట వినని వాళ్లు తక్కువ. ఫీజు కట్టి కార్డు తీసుకున్న తరువాత చెప్పిన పాయింట్లు ఖాతాలో పడకపోతే, "మీరు అర్హులు కాదు" అని కస్టమర్ కేర్ ఒక్క ముక్కలో తేల్చేస్తుంది. ఆ అర్హత రూల్స్ ఏమిటో కార్డు తీసుకునే రోజు ఎవరూ విడమరిచి చెప్పరు. షరతుల కాగితంలో చిన్న అక్షరాల్లో మాత్రం అన్నీ ఉంటాయి. మహానంది, నంద్యాల, కర్నూలు, కడప ప్రాంతాల పాఠకుల కోసం ఆ రూల్స్‌ను ఒక్కొక్కటిగా ఇక్కడ వివరిస్తున్నాం.

వెల్‌కమ్ బోనస్ అంటే ఏమిటి?

కొత్తగా కార్డు తీసుకున్నవారికి బ్యాంకు ఒక్కసారి ఇచ్చే అదనపు లాభమే వెల్‌కమ్ బోనస్. ఇది మూడు రూపాల్లో వస్తుంది. ఒకటి, రివార్డు పాయింట్లు లేదా ఎయిర్ మైల్స్. రెండు, గిఫ్ట్ వోచర్. మూడు, హోటల్ లేదా ఎయిర్‌లైన్ మెంబర్‌షిప్. ట్రావెల్ కార్డుల్లో ఎక్కువగా మొదటి రకమే ఉంటుంది. ఆ పాయింట్లతో రైలు టికెట్, విమానం టికెట్, హోటల్ గది బుక్ చేసుకోవచ్చు.

బ్యాంకు దీన్ని ఊరికే ఇవ్వదు. కొత్త కస్టమర్ దొరకడానికి పెట్టే ఖర్చు అది. కార్డు ఫీజు రూపంలో కొంత, మనం స్వైప్ చేసినప్పుడు వ్యాపారి నుంచి వచ్చే కమీషన్ రూపంలో కొంత, బిల్లు పూర్తిగా కట్టనివారి నుంచి వడ్డీ రూపంలో చాలా, బ్యాంకు తిరిగి రాబట్టుకుంటుంది. ఒకే మనిషి పదే పదే బోనస్ తీసుకుని కార్డు మూసేస్తే బ్యాంకుకు నష్టం. అర్హత రూల్స్ అన్నీ ఆ నష్టం రాకుండా పెట్టుకున్నవే. ఈ సంగతి మనసులో పెట్టుకుంటే మిగతా షరతులు తేలికగా అర్థమవుతాయి.

కార్డు అర్హత వేరు, బోనస్ అర్హత వేరు

చాలామంది పొరపడేది ఇక్కడే. కార్డు శాంక్షన్ అయిందంటే బోనస్ కూడా ఖాయం అనుకుంటారు. ఇవి రెండు వేర్వేరు గడపలు. మొదటిది దాటినా రెండోది దాటకపోవచ్చు.

మొదటి గడప కార్డు. వయసు, ఆదాయం, క్రెడిట్ స్కోరు, ఇప్పటికే ఉన్న అప్పులు, నివాసం ఉన్న పిన్‌కోడ్ చూస్తారు. స్కోరు 300 నుంచి 900 మధ్య ఉంటుంది. మన దేశంలో ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ అనే నాలుగు సంస్థలు ఈ రిపోర్టులు తయారు చేస్తాయి. ఒక్కో సంస్థ ఏడాదికి ఒకసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలన్నది రిజర్వ్ బ్యాంక్ రూల్. అప్లై చేసేముందు అది తెచ్చుకుని చూసుకోవాలి. మీరు తీసుకోని అప్పు మీ పేరు మీద కనిపిస్తే ముందు దాన్ని సరిచేయించుకోండి. ఫిర్యాదు చేసిన 30 రోజుల్లో సరిచేయకపోతే ఆ తరువాత రోజుకు రూ.100 చొప్పున పరిహారం ఇవ్వాలన్న రూల్ కూడా ఉంది.

మన ప్రాంతంలో పెద్ద ఇబ్బంది ఆదాయం రుజువు. మహానంది చుట్టూ అరటి తోటలు సాగుచేసే రైతుకు పంట వచ్చినప్పుడు చేతిలో లక్షలు ఉండొచ్చు. అయితే వ్యవసాయ ఆదాయానికి కేంద్ర ఆదాయపు పన్ను లేదు కాబట్టి చాలామంది రిటర్న్ వేయరు. రిటర్న్ లేకపోతే బ్యాంకు దృష్టిలో కాగితం మీద ఆదాయం లేనట్టే. గుడి దగ్గర కొబ్బరికాయల దుకాణం, టిఫిన్ సెంటర్, ఆటో నడిపేవారి పరిస్థితీ అంతే. ఇలాంటివారికి కొన్ని బ్యాంకులు ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద కార్డు ఇస్తాయి. డిపాజిట్‌లో ఇంత శాతం అని లిమిట్ పెడతారు. కానీ అన్ని కార్డులూ డిపాజిట్ మీద ఇవ్వరు. మంచి ట్రావెల్ కార్డులు చాలావరకు ఆ జాబితాలో ఉండవు. డిపాజిట్ కార్డుకు వెల్‌కమ్ బోనస్ ఉందా లేదా అన్నది విడిగా అడగాలి.

ఒక మాట గుర్తుంచుకోవాలి. అప్లై చేసిన ప్రతిసారీ ఆ విచారణ మీ క్రెడిట్ రిపోర్టులో నమోదవుతుంది. వారం రోజుల్లో నాలుగు బ్యాంకులకు అప్లై చేస్తే "ఈయనకు డబ్బు అవసరం చాలా ఉన్నట్టుంది" అని ఐదో బ్యాంకు అనుకుంటుంది. అప్లికేషన్ తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా చెప్పాలని రిజర్వ్ బ్యాంక్ క్రెడిట్ కార్డు ఆదేశాల్లో ఉంది. ఆ కారణం తెలుసుకోకుండా మళ్లీ అప్లై చేయడం దండగ.

బోనస్ రావాలంటే దాటాల్సిన రూల్స్

1. మీరు "కొత్త" కస్టమర్ అయి ఉండాలి. కొత్త అంటే ఏమిటో ఒక్కో బ్యాంకు ఒక్కో రకంగా రాసుకుంటుంది. కొన్నిచోట్ల ఆ కార్డు కొత్తగా తీసుకుంటే చాలు. కొన్నిచోట్ల ఆ బ్యాంకుకు చెందిన ఏ క్రెడిట్ కార్డూ ఉండకూడదు. మరికొన్నిచోట్ల గడచిన ఇన్ని నెలల్లో ఆ కార్డు మూసేసి ఉండకూడదు. పాత కార్డును అదే బ్యాంకులో పై రకానికి మార్చుకుంటే దాన్ని అప్‌గ్రేడ్ అంటారు. అప్‌గ్రేడ్‌కు వెల్‌కమ్ బోనస్ ఇవ్వకపోవడమే ఎక్కువ. "మీ కార్డు ఫ్రీగా అప్‌గ్రేడ్ చేస్తాం" అని ఫోన్ వస్తే సరే అనేముందు ఈ సంగతి అడగండి.

2. ఫీజు కట్టి ఉండాలి. జాయినింగ్ ఫీజు ఉన్న కార్డుల్లో బోనస్ ఆ ఫీజుతో ముడిపడి ఉంటుంది. "మొదటి ఏడాది ఫ్రీ", "లైఫ్‌టైమ్ ఫ్రీ" అని ఇచ్చినప్పుడు బోనస్ సాధారణంగా ఉండదు. అదే కార్డు పక్కింటాయన ఫీజు కట్టి తీసుకుంటే ఆయనకు పాయింట్లు వచ్చి, మీరు ఫ్రీగా తీసుకుంటే మీకు రాకపోవడానికి కారణం ఇదే. ఫీజు మీద 18 శాతం జీఎస్టీ కూడా పడుతుంది. రూ.5,000 ఫీజు అంటే చేతి నుంచి పోయేది రూ.5,900.

3. గడువులోపల ఖర్చు పెట్టాలి. 30 రోజులు, 45 రోజులు, 60 రోజులు, 90 రోజులు ఇట్లా ఉంటుంది. ఈ లెక్క ఎప్పటి నుంచి మొదలవుతుందో చూడాలి. చాలా కార్డుల్లో కార్డు జారీ అయిన తేదీ నుంచే లెక్క. మీ చేతికి అందిన తేదీ నుంచి కాదు. కొరియర్ నంద్యాల దాకా వచ్చి, మీరు ఇంట్లో లేరని వెనక్కి పోయి, మళ్లీ వచ్చేసరికి పది పదిహేను రోజులు ఊరికే కరిగిపోతాయి. జారీ తేదీ బ్యాంకు యాప్‌లో గానీ, కార్డుతో వచ్చే లెటర్‌లో గానీ దొరుకుతుంది. ఆ తేదీని క్యాలెండర్ మీద రాసుకోండి. ఆఖరి రోజు దాకా ఆగొద్దు. స్వైప్ చేసిన తేదీకీ, బ్యాంకులో అది పోస్ట్ అయ్యే తేదీకీ రెండు మూడు రోజుల తేడా రావచ్చు.

4. లెక్కలోకి వచ్చే ఖర్చే పెట్టాలి. ఎక్కువమంది బోనస్ పోగొట్టుకునేది ఇక్కడే. కాబట్టి దీన్ని విడిగా చూద్దాం.

ఏ ఖర్చు లెక్కలోకి రాదు?

కార్డు తీసుకునే ప్రతి వ్యాపారికీ నాలుగంకెల కోడ్ ఒకటి ఉంటుంది. దాన్ని మర్చంట్ క్యాటగిరీ కోడ్ అంటారు. పెట్రోల్ బంకుకు 5541, నగల దుకాణానికి 5944, వాలెట్‌లో డబ్బు వేసుకోవడానికి 6540, అద్దెకు 6513, పన్నులకు 9311, ఇన్సూరెన్స్‌కు 6300, రైల్వేకు 4112, ట్రావెల్ ఏజెన్సీకి 4722. మీరు ఏం కొన్నారన్నది బ్యాంకుకు కనిపించదు. ఎక్కడ కొన్నారన్నదే కనిపిస్తుంది.

చాలా ట్రావెల్ కార్డుల్లో ఈ కింది ఖర్చుల్లో కొన్ని గానీ, అన్నీ గానీ బోనస్ లెక్కలోకి రావు:

- పెట్రోల్, డీజిల్
- వాలెట్‌లో డబ్బు లోడ్ చేయడం
- ఇంటి అద్దె
- ఇన్సూరెన్స్ ప్రీమియం
- బంగారం, నగలు
- కరెంటు బిల్లు, పన్నులు, ప్రభుత్వ ఫీజులు
- ఏటీఎం నుంచి నగదు తీయడం
- ఈఎంఐగా మార్చిన కొనుగోళ్లు
- బ్యాంకు వేసే ఫీజులు, వడ్డీ, జీఎస్టీ

ఈ జాబితాను మన ఇంటి ఖర్చుతో పోల్చి చూడండి. నంద్యాలలో ఉండే ఒక కుటుంబం నెల ఖర్చులో అద్దె, పెట్రోల్, కరెంటు, పిల్లల ఫీజు, కిరాణా ఉంటాయి. ఇందులో ఎక్కువ కార్డుల్లో నమ్మకంగా లెక్కలోకి వచ్చేది కిరాణా ఒక్కటే. మన వీధి కిరాణా కొట్టులో స్వైప్ మెషిన్ ఉండదు. క్యూఆర్ కోడ్ ఉంటుంది. రూపే క్రెడిట్ కార్డును యూపీఐకి లింక్ చేసి స్కాన్ చేయొచ్చు. 2022 నుంచి ఈ సౌకర్యం ఉంది. అయితే ఆ క్యూఆర్ వ్యాపారి ఖాతాదై ఉండాలి. దుకాణదారు సొంత సేవింగ్స్ ఖాతాకు క్రెడిట్ కార్డుతో యూపీఐ పంపడం కుదరదు. యూపీఐ మీద పెట్టిన ఖర్చును బోనస్ లెక్కలో కలుపుతారా లేదా అన్నది కూడా కార్డును బట్టి మారుతుంది.

అద్దె యాప్‌లతో కార్డు ఖర్చు పెంచుకునే అలవాటు కొందరికి ఉండేది. రిజర్వ్ బ్యాంక్ 2025 సెప్టెంబర్‌లో పేమెంట్ అగ్రిగేటర్లకు కొత్త ఆదేశాలు ఇచ్చిన తరువాత చాలా యాప్‌లు ఆ సేవ ఆపేశాయి. ఆ దారి మీద లెక్క వేసుకోవద్దు.

దేవస్థానంలో కాటేజీ గది, దర్గాకు విరాళం, మదరసా ఫీజు, కాలేజీ ఫీజు లాంటివి కార్డుతో కట్టినప్పుడు కోడ్ ఏదవుతుందో ముందు చెప్పలేం. ఒకచోట విద్య కింద, ఒకచోట ప్రభుత్వం కింద, ఇంకోచోట సేవా సంస్థ కింద పడొచ్చు. బోనస్ గడువు దగ్గర పడినప్పుడు ఇలాంటి ఖర్చును నమ్ముకోకూడదు.

రిఫండ్ సంగతి కూడా చూడండి. రూ.20,000 ఫోన్ కొని బోనస్ గడువు దాటాక వాపస్ ఇస్తే బ్యాంకు ఆ మొత్తాన్ని ఖర్చులోంచి తీసేస్తుంది. అప్పటికే పాయింట్లు వేసి ఉంటే వెనక్కి తీసుకునే హక్కు కూడా షరతుల్లో రాసి పెట్టుకుంటుంది. క్యాన్సిల్ చేసిన రైలు టికెట్‌కూ ఇదే వర్తిస్తుంది.

భార్య పేరు మీదనో, తమ్ముడి పేరు మీదనో తీసుకునే యాడ్ ఆన్ కార్డుకు విడిగా బోనస్ ఉండదు. కానీ ఆ కార్డు మీద పెట్టిన ఖర్చు సాధారణంగా అసలు కార్డు లెక్కలోనే కలుస్తుంది. కుటుంబం అంతా కలిసి గడువులోపల టార్గెట్ చేరడానికి ఇది పనికొస్తుంది. బిల్లు మాత్రం మొత్తం అసలు కార్డుదారుడి మీదే పడుతుంది.

కొన్ని కార్డులు, వాటి షరతులు

ఈ షరతులు ఎట్లా ఉంటాయో అర్థం కావడానికి బాగా తెలిసిన కొన్ని కార్డులను చూద్దాం. బ్యాంకులు వీటిని తరచూ మారుస్తాయి. అప్లై చేసే రోజు కార్డు అధికారిక పేజీలో మళ్లీ సరిచూసుకోవాలి.

ఐఆర్‌సీటీసీ ఎస్‌బీఐ ప్లాటినమ్ కార్డు: జాయినింగ్ ఫీజు రూ.500, దాని మీద జీఎస్టీ. జారీ అయిన 45 రోజుల్లో ఒకే లావాదేవీలో రూ.500 లేదా అంతకన్నా ఎక్కువ ఖర్చు పెడితే 350 పాయింట్లు. పెట్రోల్, నగదు లెక్కకు రావు. ఇక్కడ "ఒకే లావాదేవీ" అన్న మాట గమనించండి. రూ.200 చొప్పున ఐదుసార్లు స్వైప్ చేస్తే మొత్తం రూ.1,000 అయినా షరతు నెరవేరదు. ఈ కార్డులో ఒక పాయింటుకు ఐఆర్‌సీటీసీలో ఒక రూపాయి విలువ. అంటే రూ.590 కట్టి మొదట్లో తిరిగి రాబట్టేది రూ.350.

హెచ్‌డీఎఫ్‌సీ ఐఆర్‌సీటీసీ కార్డు: ఫీజు రూ.500, జీఎస్టీ అదనం. మొదటి 30 రోజుల్లో కార్డు యాక్టివేట్ చేస్తే రూ.500 గిఫ్ట్ వోచర్. ఇక్కడ పాయింట్లు కాదు, వోచర్.

యాక్సిస్ అట్లాస్ కార్డు: ఫీజు రూ.5,000, జీఎస్టీ అదనం. 37 రోజుల్లో మొదటి లావాదేవీ చేస్తే 2,500 ఎడ్జ్ మైల్స్. విమానాల్లో, హోటళ్లలో తరచుగా డబ్బు పెట్టేవారికే ఇలాంటి కార్డు నప్పుతుంది.

అమెరికన్ ఎక్స్‌ప్రెస్ ప్లాటినమ్ ట్రావెల్ కార్డు: వార్షిక ఫీజు కట్టి, 90 రోజుల్లో రూ.15,000 ఖర్చు పెడితే 10,000 పాయింట్లు. ఇక్కడ రెండు షరతులూ కలిసి నెరవేరాలి. ఈ కార్డు తీసుకోని దుకాణాలు మన జిల్లాల్లో ఎక్కువ. రూ.15,000 ఎక్కడ ఖర్చు పెడతారో ముందే ఆలోచించుకోవాలి.

మన ప్రయాణానికి పనికొస్తుందా?

బోనస్ చూసేముందు మన ప్రయాణాలు చూసుకోవాలి. మహానంది నుంచి దగ్గరి రైల్వే స్టేషన్ నంద్యాల. గుంటూరు, గుంతకల్లు లైన్ మీద ఉంటుంది. బెంగళూరు వైపు, విజయవాడ వైపు వెళ్లే రైళ్లు ఇక్కడ దొరుకుతాయి. ఎర్రగుంట్ల లైన్ 2016లో మొదలైంది. విమానానికైతే కర్నూలు విమానాశ్రయం ఓర్వకల్లు దగ్గర ఉంది. 2021 మార్చిలో ప్రారంభమైంది. కడపలోనూ విమానాశ్రయం ఉంది. అయితే ఈ రెండుచోట్లా సర్వీసులు కొద్దిగానే ఉంటాయి కాబట్టి చాలామంది హైదరాబాద్ లేదా బెంగళూరు వెళ్లి విమానం ఎక్కుతారు.

ఏడాదికి ఒకసారి విమానం ఎక్కేవారికి ఎయిర్ మైల్స్ కార్డు దాదాపు వృథా. లాంజ్ ప్రవేశం ఫ్రీ అని చెబుతారు. ఇప్పుడు చాలా కార్డుల్లో అంతకుముందు మూడు నెలల్లో ఇంత ఖర్చు పెట్టి ఉంటేనే లాంజ్ తెరుచుకుంటుంది. రైలు కార్డుల్లోనూ మెలిక ఉంది. ఐఆర్‌సీటీసీ ఎస్‌బీఐ ప్లాటినమ్‌లో 10 శాతం దాకా వెనక్కి ఇచ్చేది ఏసీ తరగతుల టికెట్ల మీదే. ఎప్పుడూ స్లీపర్‌లో వెళ్లేవారికి ఆ లాభం అందదు. ఆర్టీసీ బస్సులోనే తిరిగేవారికి ఈ కార్డులేవీ పెద్దగా పనికిరావు. వాళ్లకు ఫీజు లేని మామూలు క్యాష్‌బ్యాక్ కార్డే నయం.

పాయింట్లు దాచిపెట్టుకోవడం కూడా మంచిది కాదు. వాటి విలువ బ్యాంకు, ఎయిర్‌లైన్ చేతిలో ఉంటుంది. జెట్ ఎయిర్‌వేస్ 2019 ఏప్రిల్‌లో ఆగిపోయింది. విస్తారా 2024 నవంబర్ 12న ఎయిర్ ఇండియాలో కలిసిపోయింది. దాంతో విస్తారా పేరు మీద ఉన్న కో బ్రాండెడ్ కార్డుల కొత్త జారీ ఆగిపోయింది. వచ్చిన పాయింట్లను ఏడాదిలోపల వాడేసుకోవడమే తెలివి.

వడ్డీ పడితే బోనస్ ఏమవుతుంది?

మన దేశంలో క్రెడిట్ కార్డు వడ్డీ నెలకు 3.5 శాతం, 3.75 శాతం అట్లా ఉంటుంది. ఏడాదికి 42 నుంచి 45 శాతం అన్నమాట. ఏడాదికి 30 శాతం దాటిన వడ్డీ అన్యాయమని జాతీయ వినియోగదారుల కమిషన్ 2008లో ఇచ్చిన తీర్పును సుప్రీంకోర్టు 2024 డిసెంబర్‌లో కొట్టేసింది. కాబట్టి ఇప్పుడు ఆ గరిష్ఠ పరిమితి లేదు.

లెక్క చూద్దాం. బోనస్ టార్గెట్ కోసం అవసరం లేకపోయినా రూ.40,000 ఖర్చు పెట్టారనుకుందాం. బిల్లు వచ్చింది. చేతిలో డబ్బు లేక మినిమమ్ మాత్రం కట్టారు. రూ.40,000 మీద నెలకు 3.75 శాతం అంటే రూ.1,500. దాని మీద జీఎస్టీ రూ.270. ఒక్క నెలకే దాదాపు రూ.1,770. రెండు మూడు నెలలు ఇట్లా నడిస్తే రూ.4,000 విలువైన బోనస్ మాయమై చేతి డబ్బు కూడా పోతుంది. బాకీ మిగిలి ఉన్నంతకాలం కొత్త కొనుగోళ్లకు వడ్డీ లేని గడువు కూడా దొరకదు. కొన్న రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది.

సూద్‌కు దూరంగా ఉండాలనుకునే పాఠకులకు ఇది ఇంకా ముఖ్యం. కార్డు వాడకం మీద మతపరమైన ప్రశ్నలుంటే మీరు నమ్మే ఆలిమ్‌ను అడగండి. డబ్బు వైపు నుంచి మాత్రం జాగ్రత్త ఒక్కటే. కార్డు వచ్చిన రోజే ఆటో పే పెట్టుకోండి. అందులో "మినిమమ్ డ్యూ" కాదు, "టోటల్ డ్యూ" ఎంచుకోండి. ఖాతాలో అంత డబ్బు ఉండేలా చూసుకోండి.

ఉమ్రాకు, గల్ఫ్‌కు వెళ్లేవారు ఇంకో ఖర్చు గుర్తుంచుకోవాలి. విదేశీ కరెన్సీలో స్వైప్ చేస్తే చాలా కార్డులు 2 నుంచి 3.5 శాతం మార్కప్ వేస్తాయి. మక్కాలో హోటల్‌కు రూ.50,000 విలువైన రియాల్స్ కార్డుతో కడితే 3.5 శాతం చొప్పున రూ.1,750, దాని మీద జీఎస్టీ రూ.315, మొత్తం రూ.2,065 అదనం. పాయింట్లు దీనికన్నా తక్కువ విలువైతే లాభం లేదు.

ఇంకొకటి. టార్గెట్ కోసం స్నేహితుల ఖర్చులన్నీ మన కార్డు మీద పెట్టి వారి దగ్గర నగదు తీసుకోవడం, దుకాణంలో స్వైప్ చేసి కమీషన్ ఇచ్చి నగదు తెచ్చుకోవడం కొందరు చేస్తుంటారు. ఆర్థిక సంవత్సరంలో కార్డు బిల్లు కింద నగదుగా రూ.1 లక్ష, లేదా ఇతర రూపాల్లో రూ.10 లక్షలు దాటి కడితే ఆ సమాచారం ఆదాయపు పన్ను శాఖకు చేరుతుంది. మీ ఆదాయానికీ, ఆ ఖర్చుకూ పొంతన లేకపోతే జవాబు చెప్పాల్సింది మీరే. బ్యాంకు దాన్ని దుర్వినియోగంగా చూసి పాయింట్లు రద్దు చేసి కార్డు ఆపేయొచ్చు.

అమెరికా, బ్రిటన్‌లో ఉన్న మనవాళ్లకు

మన జిల్లాల నుంచి వెళ్లి అమెరికాలో చదువుతున్న, ఉద్యోగం చేస్తున్న పిల్లలు చాలామంది. అక్కడ బోనస్‌లు పెద్దవి. రూల్స్ కూడా కఠినం. చేజ్ బ్యాంకు విషయంలో 5/24 అనే రూల్ ప్రసిద్ధం. గడచిన 24 నెలల్లో ఏ బ్యాంకులోనైనా కలిపి ఐదు లేదా అంతకన్నా ఎక్కువ కొత్త పర్సనల్ కార్డులు తీసుకున్నవారికి చేజ్ సాధారణంగా కార్డు ఇవ్వదు. బ్యాంకు దీన్ని తన రూల్‌గా ప్రకటించలేదు. అప్లై చేసినవారి అనుభవాల నుంచి బయటపడింది. వేరొకరి ఖాతాలో మీ పేరు అదనపు యూజర్‌గా ఉన్నా ఈ లెక్కలో పడే అవకాశం ఉంది.

అమెరికన్ ఎక్స్‌ప్రెస్ అక్కడ ఒక కార్డుకు జీవితంలో ఒకసారే బోనస్ అన్న షరతు పెడుతుంది. సిటీ బ్యాంకు చాలా కార్డుల్లో గడచిన 48 నెలల్లో అదే కార్డుకు బోనస్ తీసుకుని ఉండకూడదంటుంది. బ్రిటన్‌లో అమెరికన్ ఎక్స్‌ప్రెస్ చాలా కార్డులకు గడచిన 24 నెలల్లో తమ పర్సనల్ కార్డు ఏదీ ఉండకూడదని చూస్తుంది. అందుకే కొత్తగా వెళ్లినవారు దొరికిన ప్రతి కార్డుకూ అప్లై చేయకుండా, ఏది ముందు ఏది తరువాత అని క్రమం పెట్టుకుంటే మంచిది. చిన్న బోనస్‌కు ఆశపడి ముందే తీసుకుంటే పెద్ద బోనస్ ఏళ్ల పాటు దూరమవుతుంది.

బోనస్ రాకపోతే ఏం చేయాలి?

ముందు షరతుల్లో "ఎన్ని రోజుల్లో క్రెడిట్ చేస్తారు" అన్నది చూడండి. టార్గెట్ పూర్తయిన వెంటనే పాయింట్లు పడవు. కొన్నింటిలో తరువాతి బిల్లు దాకా, కొన్నింటిలో ఇంకా ఎక్కువ పడుతుంది. ఆ గడువు దాటితేనే ఫిర్యాదు.

ఫిర్యాదు ఫోన్‌లో చెప్పి వదిలేయొద్దు. ఈమెయిల్ గానీ, యాప్‌లో టికెట్ గానీ పెట్టి నంబర్ తీసుకోండి. కార్డు అప్లై చేసిన రోజు ఆఫర్ పేజీ స్క్రీన్‌షాట్, ఏజెంట్ పంపిన వాట్సాప్ మెసేజ్, ఫీజు పడిన బిల్లు, ఖర్చుల జాబితా జత చేయండి. ఏజెంట్ నోటి మాటకు విలువ లేదు. రాసి ఇచ్చినదానికే విలువ.

30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు మీకు నచ్చకపోయినా రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా ఫిర్యాదు చేయొచ్చు. హెల్ప్‌లైన్ 14448. వకీలు అవసరం లేదు. అయితే కార్డు ఇవ్వాలా వద్దా అన్నది బ్యాంకు వ్యాపార నిర్ణయం. దాని మీద అంబుడ్స్‌మన్ జోక్యం చేసుకోదు. రాసి ఇచ్చిన షరతు నెరవేర్చాక కూడా బోనస్ ఇవ్వకపోతే అది సేవాలోపం. దాని మీద అడగొచ్చు.

కార్డు వద్దనుకుంటే బాకీ పూర్తిగా కట్టి మూసేయమని రాతపూర్వకంగా అడగండి. ఏడు పని దినాల్లో మూసేయాలి. ఆలస్యం చేస్తే బాకీ లేని ఖాతాకు రోజుకు రూ.500 చొప్పున బ్యాంకు మీకు కట్టాలి. మూసేముందు పాయింట్లు వాడుకోండి. బోనస్ పడిన వెంటనే మూసేస్తే వెనక్కి తీసుకునే షరతు కొన్ని కార్డుల్లో ఉంది. దాన్ని కూడా చూసుకోండి.

"బోనస్ యాక్టివేట్ చేస్తాం" అని ఫోన్ వస్తే

బోనస్ పేరుతో జరిగే మోసాలు ఎక్కువయ్యాయి. "భాయ్, మీ వెల్‌కమ్ పాయింట్లు ఈ రోజు ఎక్స్‌పైర్ అవుతున్నాయి, ఓటీపీ చెప్పండి" అంటారు. లేదంటే వాట్సాప్‌లో ఏపీకే ఫైలు పంపి ఇన్‌స్టాల్ చేయమంటారు. పాయింట్లు వేయడానికి ఏ బ్యాంకుకూ మీ ఓటీపీ, పిన్, సీవీవీ అవసరం లేదు. ఒకవేళ డబ్బు పోతే వెంటనే 1930కు ఫోన్ చేయండి, బ్యాంకులో కార్డు బ్లాక్ చేయించండి. ఓటీపీ మీరే చెప్పి ఉంటే, బ్యాంకుకు తెలియజేసేదాకా జరిగిన నష్టం మీదే అవుతుంది. తెలియజేసిన తరువాత జరిగే నష్టం బ్యాంకు భరించాలి. కాబట్టి ప్రతి నిమిషం విలువైనదే.

అడగని కార్డు ఇంటికి వస్తే యాక్టివేట్ చేయొద్దు. జారీ అయిన 30 రోజుల్లో యాక్టివేట్ కాని కార్డుకు బ్యాంకు మీ దగ్గర ఓటీపీతో ఒప్పుకోలు తీసుకోవాలి. మీరు ఒప్పుకోకపోతే ఏ ఖర్చూ లేకుండా మూసేయాలి.

సంతకం పెట్టేముందు ఈ ఎనిమిది ప్రశ్నలు

1. ఈ బ్యాంకులో నాకు ఇప్పటికే కార్డు ఉంటే బోనస్ వస్తుందా?
2. ఫీజు ఎంత, జీఎస్టీతో కలిపి ఎంత? ఫ్రీగా ఇస్తే బోనస్ ఉంటుందా?
3. గడువు ఎన్ని రోజులు, ఏ తేదీ నుంచి?
4. ఎంత ఖర్చు పెట్టాలి? ఒకే లావాదేవీలోనా, మొత్తం కలిపా?
5. ఏ ఖర్చులు లెక్కకు రావు? యూపీఐ ఖర్చు వస్తుందా?
6. పాయింట్లు ఎన్ని రోజుల్లో పడతాయి, ఎప్పుడు ఎక్స్‌పైర్ అవుతాయి?
7. ఒక పాయింటుకు నిజంగా ఎన్ని పైసలు?
8. రెండో ఏడాది ఫీజు ఎంత, ఎంత ఖర్చు పెడితే మాఫీ అవుతుంది?

అప్లికేషన్‌తో పాటు ముఖ్యమైన వివరాలన్నీ ఒక్క పేజీలో రాసి ఇవ్వాలని రిజర్వ్ బ్యాంక్ ఆదేశాల్లో ఉంది. ఆ పేజీ అడిగి తీసుకోండి. ఈ ప్రశ్నల్లో వాటికి అందులో జవాబు లేకపోతే ఈమెయిల్‌లో అడిగి జవాబు తెప్పించుకోండి. వచ్చే రెండు మూడు నెలల్లో ఎట్లాగూ పెట్టే ఖర్చుతోనే టార్గెట్ చేరుతుందా, ఫీజు కన్నా బోనస్ ఎక్కువా, బిల్లు మొత్తం ఒకేసారి కట్టగలరా? మూడింటికీ అవును అయితే కార్డు తీసుకోండి. ఒక్కదానికి కాదు అన్నా, ఏజెంట్ ఎంత తొందరపెట్టినా ఆగడమే మంచిది.